మా నాయన, మా అత్త, పరంగిపండు

మా నాయన పుంగనూరులో పశువుల కాంపౌండరుగా పనిచేసేవాడు. తొంభైల మొదట్లో, నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో, ఆయనకు మలబద్ధకం పట్టుకుంది. ఇంటి గుట్టు బయటపెడుతున్నానని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఆయనే దాన్ని దాచలేదు. బస్టాండులో పలకరించినవాళ్ళకు కూడా వివరంగా చెప్పేవాడు. ఒకరోజు ఎద్దుకు సూది వేయించడానికి వచ్చిన రైతు ఒకాయన అంతా విని, "పొద్దున్నే పరంగిపండు తిను సార్, సరిపోతాది" అన్నాడు. మూడో రోజుకు సరిపోయింది. అప్పటినుంచి మా నాయన ఆ పండును వదల్లేదు.

పరంగిపండు అంటే బొప్పాయి. మా వైపు అట్లాగే అంటారు. దానికి బొప్పాయి అనే పేరు కూడా ఉందని నాకు హైస్కూల్లో తెలిసింది. మా నాయన పెరట్లో ఐదు మొక్కలు నాటాడు. బట్టలుతికే బండ పక్కన రెండు, గోడ వెంబడి మూడు. ఏడాది తిరిగేసరికి కాయలు మెడలో కుండలు కట్టినట్టు కాశాయి. రోజూ పొద్దున స్నానం చేసి, పీట వేసుకుని కూర్చుని, పండును నిలువునా కోసి, గింజలు చెంచాతో తీసి, నిమ్మకాయ పిండి, మిరియాల పొడి చల్లుకుని తినేవాడు. తింటూ చెప్పేవాడు. కళ్ళకు మంచిది, అరుగుదలకు మంచిది, చర్మానికి మంచిది. "దీంట్లో పపైన్ ఉండాది" అని ఆఖర్న అనేవాడు. ఆ మాట ఆయన పనిచేసే చోట ఏదో అరుగుదల మందు సీసా మీద చదివాడు. పక్కింటి ముసలమ్మ చాలాకాలం పపైన్ అంటే ఎవరో డాక్టరనుకుంది.

మా అమ్మకు మాగిన పండు వాసన గిట్టదు. పచ్చికాయ మీద మాత్రం ఆమెకు గౌరవం ఉండేది. చెక్కు తీసి, పాలు పోయేదాకా ఉప్పునీళ్ళలో వేసి, కోరి, పెసరపప్పూ కొబ్బరీ వేసి కూర చేసేది. సంగటిలోకి పులుసు పెట్టేది. సొరకాయతో చేసే వంటలన్నీ పరంగికాయతో చేసి చూసింది. తిన్నవాళ్ళకు తేడా తెలియకపోతే సంతోషించేది.

మాంసం మెత్తబడడానికి పచ్చికాయ ముక్క వేస్తారని మా నాయనకు ఎవరో చెప్పారు. ఆ ఆదివారం మా పెదనాన్న వాళ్ళు భోజనానికి వస్తున్నారు. తెచ్చిన వేటమాంసం ముదురుగా ఉంది. వంట మా అమ్మదే అయినా, మాంసానికి కాయ పట్టించే పని మా నాయన తీసుకున్నాడు. సగం కాయ తొక్కతోసహా నూరి, పొద్దున ఏడింటికే కలిపి పెట్టాడు. అర్ధగంట చాలని ఆయనకు తెలియదు. పన్నెండింటికి మా అమ్మ ఉడకబెట్టి మూత తీస్తే గిన్నెలో ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. మాంసం లేదు. మా పెదనాన్న సంగటిలో ఆ పులుసు పోసుకుని రెండు ముద్దలు తిని, "ఇది ఏం పప్పమ్మా" అని అడిగాడు. "సూసినారా, పపైన్" అన్నాడు మా నాయన.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఆయన అరచేతులు పచ్చబడ్డాయి. ముందు మా అమ్మ గమనించింది. తర్వాత అరికాళ్ళు, ఆ తర్వాత ముక్కు పక్కలు. వీధిలో అందరూ కామెర్లన్నారు. ఆయన అన్న కొడుకు ఒకడు పల్లెనుంచి ఆకు మందు తెచ్చాడు. దానికి పథ్యం ఉంది. ఉప్పు లేదు, నూనె లేదు, కారం లేదు. మా నాయన పథ్యం చక్కగా పాటించాడు. పండుకు పథ్యం లేదు కాబట్టి, కాలేయానికి మంచిదని, పొద్దున ఒక పండు తినేవాడల్లా సాయంత్రం ఇంకొకటి మొదలుపెట్టాడు. వారంలో రంగు ఇంకా ముదిరింది.

మా అమ్మ బెదిరిపోయింది. తగ్గితే తిరుమలకు నడిచి వస్తానని మొక్కుకుంది. నాకూ భయంగానే ఉంది. వంటగదిలో ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా పని చేసుకునేవాళ్ళం. ఆయన మాత్రం గేదెకు మందు పోసేటప్పుడు ఎట్లా ఉంటాడో అట్లాగే ఉన్నాడు. చివరికి నేనూ అమ్మా కలిసి ఆయన్ను మదనపల్లె తీసుకుపోయాం. అక్కడ ఒక పెద్ద డాక్టరు ముందు చేతులు చూశాడు. తర్వాత కింది రెప్పలు లాగి కళ్ళు చూశాడు. రక్తం తీయించి, మధ్యాహ్నం రమ్మన్నాడు. మధ్యాహ్నం కాగితం చూసి, మళ్ళీ కళ్ళు చూశాడు.

"రోజూ ఏం తింటారు?" అని అడిగాడు.

"సంగటి, పప్పు, మజ్జిగ. పరంగిపండు" అన్నాడు మా నాయన.

"పండు ఎంత?"

"పొద్దున ఒకటి, సాయంకాలం ఒకటి సార్."

"ఒక ముక్కా?"

"ముక్క గాదు సార్, పండు."

డాక్టరు కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. కామెర్లయితే కళ్ళు కూడా పచ్చబడతాయనీ, ఈయన కళ్ళు తెల్లగా ఉన్నాయనీ, రక్తంలో ఏమీ లేదనీ చెప్పాడు. పండులో ఉన్న రంగే చర్మంలోకి దిగింది, రెండు నెలలు తగ్గిస్తే పోతుంది, రోజుకు రెండు ముక్కలు తిన్నా మంచే జరుగుతుంది అన్నాడు. మా అమ్మ అక్కడే చీర కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. మా నాయన, "అంటే ఒంటికి బాగా పట్టిందన్నమాట" అన్నాడు.

తిరుగు బస్సులో పక్క సీటాయనకు ఆయన అరచేతులు చాపి చూపించాడు. మా అమ్మ మొక్కు తీర్చుకోవడానికి మెట్లెక్కి వచ్చింది. పండుకోసం కొండెక్కాల్సి వచ్చిందని ఆ తర్వాత చాలా ఏళ్ళు అంటూనే ఉండేది.

నా పెళ్ళి కుప్పంలో ఉండేవాళ్ళతో కుదిరింది. మా ఆయన గుడుపల్లెలో స్కూలు టీచరు. ఇంట్లో ఆయనా, వాళ్ళమ్మా, ఒక ఆవూ. మా మామ అప్పటికే లేడు. మాటలు ముగించుకుని లేచేటప్పుడు మా నాయన మా అత్తతో, "మా పాపకు పరంగికాయంటే ప్రాణమమ్మా. అది ఉంటే ఇంకేం అడగదు" అన్నాడు. ఆమె తలూపింది.

కాపురానికి పోయిన మర్నాడు గుమ్మడికాయ కూర చేశారు. ఆ మర్నాడు గుమ్మడికాయ సాంబారు. ఆ తర్వాత గుమ్మడికాయ పులుసు, గుమ్మడికాయ పచ్చడి. ఇరవై రోజులు గుమ్మడికాయ తిన్నాను. కొత్త కోడలిని, అడగడానికి నోరు రాలేదు. ఈ ఇంటి పద్ధతి ఇంతేనేమో అనుకున్నాను. మా అత్త కూడా గుమ్మడికాయ తినలేక తింటున్నదని నాకు అర్థమైంది గానీ, ఎందుకు తింటున్నదో అర్థం కాలేదు. ఒకరోజు మా ఆయనే కంచం ముందు కూర్చుని, "అమ్మా, రోజూ ఇదేనా" అన్నాడు.

"ఏం జేసేదిరా. నీ పెండ్లానికి పరంగికాయంటే ప్రాణమని వాళ్ళ నాయన చెప్పినాడు గదా" అంది మా అత్త.

కుప్పం చుట్టూ తమిళం ఎక్కువ. మా అత్త పుట్టిల్లు కూడా ఆ వైపే. తమిళంలో పరంగికాయంటే గుమ్మడికాయ. బొప్పాయిని పప్పాళి అంటారు. నేను ఈ సంగతి విప్పి చెప్పాక మా అత్త, "మొదటి దినమే చెప్పొచ్చు గదా పాపా" అంది. గుమ్మడికాయ ఆ ఇంట్లోకి మళ్ళీ ఒక ఏడాదిపాటు రాలేదు.

పెళ్ళయిన రెండో ఏట నాకు నాలుగో నెల వచ్చినప్పుడు మా నాయన చూడడానికి వచ్చాడు. పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడినుంచి వి.కోట మీదుగా కుప్పం, బస్సులు మారి వచ్చాడు. గుడ్డసంచిలో, గడ్డి చుట్టి, బాగా మాగిన రెండు పండ్లు. ఆయన వాటిని దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. వసారాలో కూర్చుని గడ్డి విప్పగానే మా అత్త చేతిలో ఉన్న నీళ్ళ చెంబు కింద పెట్టింది.

"అన్నా, ఇది యాల తెచ్చినారు?"

"పాపకు. ఈ టయానికి రక్తం పట్టాల గదమ్మా."

"కడుపుతో ఉండే పిల్లకు పప్పాళి ఇస్తారా యాడన్నా? బిడ్డ నిలవద్దా?"

"అది పచ్చికాయ సంగతమ్మా. పచ్చికాయ పాలల్లో పపైన్ ఉంటాది, అది వద్దు. ఇది మాగిన పండు. ఒక ముక్క తింటే ఏం గాదు. మదనపల్లెలో డాక్టరమ్మను కూడా అడిగి వచ్చినా."

"డాక్టరమ్మకు ఎందరు పిల్లోళ్ళు?"

మా నాయన పండ్లను మళ్ళీ సంచిలో పెట్టాడు. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. ఎవరి వైపు మాట్లాడినా ఇంకొకరికి తలవంపు. అందుకని లోపలికి పోయి కాఫీ కలిపాను. కాఫీ తెచ్చేసరికి సంచి వసారాలో లేదు. మా అత్త దాన్ని పెరటి గోడ మీద పెట్టించింది. మా నాయన కాఫీ తాగి, ఆవును చూసి, దాని పళ్ళు చూసి, ఇది కూడా చూడిదేనని చెప్పి, మూడు గంటల బస్సుకు పోయాడు. పోయేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆయన చెయ్యి అప్పటికి మామూలు రంగులోనే ఉంది. బస్సు దుమ్ము కనబడకుండా పోయేదాకా వీధి మొగదల్లో నిలబడి, ఇంట్లోకి వచ్చి బియ్యం ఏరుతూ ఏడ్చాను. మా అత్త చూసింది.

సాయంత్రం పాలు పితకడానికి పోయిన మా అత్త కేక వేసింది. సంచి కింద పడి ఉంది. రెండు పండ్లూ లేవు. ఆవు మూతికి పండు గుజ్జు, రెండు గింజలు అంటుకుని ఉన్నాయి. అది ఏడో నెల చూడిది.

మా అత్త ఆ రోజునుంచి ఆవును కనిపెట్టుకుని ఉంది. గంటకోసారి పెరట్లోకి పోయి దాని వెనకవైపు చూసి వచ్చేది. మేత తగ్గిందేమో, పడుకుందేమో, లేచిందేమో అని నన్ను అడిగేది. నన్ను కనిపెట్టుకోవడం దాదాపు మానేసింది, అది నాకు కొంచెం సుఖంగానే ఉండింది. నాలుగో రోజు ఆమె పక్క వీధిలోని ఎస్టీడీ బూతుకు పోయి, తానే పుంగనూరుకు ఫోన్ చేసింది. పక్కన నేనున్నాను.

"అన్నా, మీ పప్పాళి పండ్లు ఆవు తినేసింది. చూడి ఆవు."

ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు. ఆమె చాలాసేపు ఊకొట్టింది. ఫోన్ పెట్టేసి బయటికి వచ్చి, "ఏం కాదన్నాడు మీ నాయన. ఇంకో రెండు దినాలు పేడ పల్చగా ఉంటాదంట, అంతేనంట" అంది.

"మరి నాకూ అదే కదా అత్తా చెప్పింది" అన్నాను. అంత మాట ఆమెతో అనడం అదే మొదటిసారి.

"ఆయన పశువుల కాంపౌండరు. ఆవు సంగతి ఆయన చెప్తే నమ్ముతా" అంది ఆమె.

ఆవు నెలలు నిండి పెయ్యదూడను ఈనింది. మా అత్త మొదటి జున్ను గిన్నెలో పోసి మా ఆయన చేత పుంగనూరు పంపింది. పండ్ల సంగతి ఎత్తలేదు.

నాకు మాత్రం పప్పాళి నిషేధం కొనసాగింది. అనాసపండు, నువ్వులు కూడా వద్దంది. ఒంటికి బలం కావాలని రోజూ సాయంత్రం వీధి చివర బేకరీ నుంచి ఒక తీపి బన్ను తెప్పించేది. బన్నులో ఎర్రవి, పచ్చవి, పసుపువి తీపి ముక్కలు ఉండేవి. "అవి ఏరి పారేయొద్దు, అవి పండ్ల ముక్కలు, బలం" అనేది. రెండు మూడు నెలలు రోజుకొక బన్ను తిన్నాను. ఏడో నెలలో పుట్టింటికి వస్తుంటే దారిలోకని ఒక డజను బన్నులు కట్టి ఇచ్చింది.

పుంగనూరులో నేను వసారాలో కూర్చుని అందులో ఒక బన్ను తింటుండగా, మదనపల్లె నుంచి ఒకాయన స్కూటరు మీద వచ్చి, మా నాయన చెట్ల మీది పచ్చికాయలన్నీ కావాలన్నాడు. ఆయనకు అక్కడ చిన్న షెడ్డు ఉందట. మా నాయనకు అనుమానం వచ్చింది. "పచ్చికాయలతో ఏం జేస్తారప్పా అన్ని?" అని అడిగాడు.

"ముక్కలు కోసి, ఉడకబెట్టి, చక్కెర పాకంలో రంగులేసి నానబెడతాం సార్. టూటీ ఫ్రూటీ. అదో, ఆ అమ్మ తింటాండాది సూడు, ఆ బన్నులో ఉండేది అదే."

మా నాయన నా వైపు చూశాడు. మా అమ్మ వాకిట్లోకి వచ్చి చూసింది. నేను నమలడం ఆపాను. కడుపులో బిడ్డ ఆ క్షణంలోనే ఒక తన్ను తన్నింది. నాకు నిజంగా భయమేసింది. రెండు మూడు నెలల బన్నులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు మా అమ్మ నన్ను మదనపల్లె తీసుకుపోయింది. డాక్టరమ్మ అంతా విని, పాలు కారే పచ్చికాయ వద్దనేది నిజమే, బాగా ఉడికి పాకంలో నానిన ముక్కలకు అంత భయం అక్కర్లేదు అంది. పరీక్ష చేసి బిడ్డ బాగుందని చెప్పింది. తర్వాత నా బరువు చూసి, "బన్నులు మాత్రం ఆపేయండి" అంది.

ఆ సంగతి మా ఆయనకు చెప్పాను. ఆయన, "అమ్మకు చెప్పొద్దు, ఆ బేకరీ వాడు మనకు తెలిసినోడు" అన్నాడు. నాకు ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకు కొంచెం ఎక్కువే ఉంది. మా అత్త వచ్చి చూసి, అంతా బన్నుల బలమే అంది. మా నాయన దగ్గి బయటికి పోయాడు.

రెండువేల సంవత్సరం దాటాక మా అత్తకు గర్భసంచి ఆపరేషన్ అయింది. రక్తం తక్కువగా ఉందని ఇనుము మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రలకు ఆమెకు మలబద్ధకం వచ్చింది. ఆమె మా నాయనలాంటి మనిషి కాదు. ఎవరికీ చెప్పలేదు. పదిరోజులు మొహం ముడుచుకుని తిరిగి, చివరికి నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు వేసి చెప్పింది. నేను ఆమెను కుప్పంలోనే డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన, నీళ్ళు తాగమనీ, ఆకుకూరలు తినమనీ, పొద్దున పూట బొప్పాయి తినమనీ చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు మా అత్త సంత దగ్గర ఆగి, ఒక పండు చూపించి, "అది తీసుకో" అంది.

రోజూ నాలుగు ముక్కలు కోసి ఇచ్చేదాన్ని. మాత్ర మింగినట్టు మింగేది. ఐదో రోజు నుంచి నిమ్మకాయ అడిగింది. పదో రోజు నుంచి తానే కోసుకోవడం మొదలుపెట్టింది. గింజలు కడిగి, చేటలో ఆరబెట్టి, పెరట్లో పాతిపెట్టింది. మొలిచినవాటిలో ఒకటి బతికింది. దానికి ఆమె పోసినన్ని నీళ్ళు ఆ ఇంట్లో కరివేపాకు చెట్టుకు కూడా ఎవరూ పోయలేదు. చెట్టు గోడ దాటి పెరిగింది. పొడుగాటి కాడలకు గుత్తులుగా తెల్లని పూలు పూసింది. మంచి వాసన. కాయ మాత్రం పట్టలేదు.

మా పాపను చూడడానికి మా నాయన వచ్చినప్పుడు మా అత్త ఆయన్ను పెరట్లోకి తీసుకుపోయింది. అప్పటికి ఆయన ఉద్యోగం అయిపోయింది. ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక పూలగుత్తి వంచి చూశాడు.

"ఇది మగ చెట్టమ్మా. కాయ కాయదు. కొట్టేసి ఇంకొకటి పెట్టండి. మా చెట్టు గింజలు పంపిస్తా."

"కాయకుంటే పోనీలే అన్నా. నీడ ఉండాది, పూలు ఉండాయి."

"పరంగిచెట్టుకు నీడేందమ్మా. గొడుగంత లేదు."

"నాకు సాలు."

ఆయన ఇంకా చెప్పబోయాడు. పపైన్ దాకా వస్తాడనుకున్నాను. ఆమె కుర్చీ తెచ్చి ఆ చెట్టు కిందే వేసి, "కూర్సోండి, కాఫీ తాగుదురు" అంది. ఆయన కూర్చున్నాడు. నీడ ఆయన భుజాల వరకే వచ్చింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆవు ఈతల గురించి, ఆయన రిటైరయ్యాక పొద్దు ఎట్లా పోతుందన్న దాని గురించి, ఇనుము మాత్రల గురించి. ఆ చివరి సంగతి ఆమె ఆయనకు చెబుతుందని నేను అనుకోలేదు. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు.

ఆ తర్వాతి చలికాలం బాగా చలిపెట్టింది. ఆ చెట్టుకు, ఆ పొడుగాటి కాడల చివర, ఆరు కాయలు పట్టాయి. చిన్నవి, పొడుగ్గా, దోసకాయల్లా ఉన్నాయి. మగ చెట్టు ఒక్కోసారి అట్లా కాస్తుందని తర్వాత ఎవరో చెప్పారు గానీ, అప్పటికి మాకెవరికీ తెలియదు. మా అత్త వాటిని మాగేదాకా ముట్టనివ్వలేదు. మాగాక మూడు పండ్లు కాగితంలో చుట్టి, మా ఆయన సైకిలు వెనక కూర్చుని బస్టాండుకు పోయి, ఆమె ఒక్కతే బస్సెక్కి, వి.కోట, పలమనేరు మీదుగా పుంగనూరు పోయింది. మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా నాయన పండ్లను తిప్పి తిప్పి చూశాడట. పీట వేసుకుని, కోసి, ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడట. మా అత్త ఎదురుగా కూర్చుని చూస్తూ ఉందట.

"ఎట్లుండాది అన్నా?"

"సప్పగా ఉండాదమ్మా" అన్నాడట ఆయన. అని మూడు పండ్లూ తినేశాడట.